ఇష్టమైతేనే కట్టాలట

హలో… ఆ, నేనే. నేనేనక్కా. గొంతు మారిందా? మారదూ మరి… పొద్దున్నుంచీ అరిచి అరిచి…

ఎవరి మీదేంటి, మా ఆయన మీదే. పిల్లలేమో హాస్టల్లో, ఈ ఇంట్లో నా అరుపులు పడేవాళ్ళు ఇంకెవరున్నారు?

కర్టెన్ గురించి.

నవ్వకు. నిజంగా కర్టెన్ గురించే. హాల్లో కొత్తది వేశాను, లేత ఆకుపచ్చది… ఆ, నీకు ఫొటో పంపానే, అదే. వేసి పది నిమిషాలు కాలేదు, ఈయన కిటికీ దగ్గర నిలబడి దాని కొసతో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు! కళ్ళజోళ్ళ షాపున్న మనిషి! అద్దాలు తుడిచే గుడ్డలు అట్టపెట్టెల నిండా ఉన్నాయి అక్కడ. వచ్చినవాళ్ళందరికీ ఊరికే పంచుతారు. ఇంటికొచ్చేసరికి నా కర్టెనే దొరికింది.

…ఏమంటారు, ఏమీ అనరు. 'మెత్తగా ఉంది' అన్నారు. అంతే. నాలుగు రోజుల్లో ఆ మనిషి నాతో అన్న మాట అదొక్కటే.

…ఆ. నాలుగు రోజులు.

…ముందు నేనే మాట్లాడ్డం మానేశాను. ఇప్పుడు ఆయన మానేశారు. చెప్తా, ఆగు. కుక్కర్ దించొస్తా.

ఆ… చెప్పు. లేదు, టైముంది. మధ్యాహ్నం భోజనానికి మా మరిదీ, మా తోడికోడలూ వస్తున్నారు. అందుకే ఆ కర్టెన్… దాని కోసం కాదు! నా ఇంట్లో నేను కర్టెన్ మార్చుకోకూడదా?

…

సరే, దాని కోసమే.

అక్కా, ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ముప్ఫయ్యేళ్ళు ఆదాయప్పన్ను ఆఫీసులో పనిచేశావు. పన్ను కట్టడం… మన ఇష్టమేనా?

…అంటే, కట్టాలనుంటే కట్టొచ్చు, లేదంటే మానేయొచ్చు. అలాగేనా అని.

…

అంత నవ్వెందుకు? దగ్గొస్తోంది చూడు. నీళ్ళు తాగు… తాగావా? నేనూ డిగ్రీ చదివినదాన్నే, నాకు ఆ మాత్రం తెలీదని కాదు. కానీ పుస్తకంలో ఉంది. మీ ఆఫీసువాళ్ళు వేసిన పుస్తకమే. పల్చగా, నీలం అట్టతో… ఆ, అదే. నా చేతిలోనే ఉంది. మూడో పేజీ. చదువుతున్నా విను— 'పౌరులు తమ ఆదాయపు పన్నును స్వచ్ఛందంగా చెల్లించవలెను.' స్వచ్ఛందంగా అంటే ఏంటి? ఎవరి బలవంతమూ లేకుండా. నిఘంటువు కూడా తీసి చూశాను.

…

'చెల్లించవలెను' అని కూడా ఉంది… ఉంది నిజమే. కానీ 'స్వచ్ఛందంగా' కింద ఎర్ర గీత గీసుంది. 'వలెను' కింద గీత లేదు.

…నేను కాదు, మా మరిది గీశాడు. పుస్తకం తనిచ్చిందే. బేకరీ పైన హాలుంది చూడు, అక్కడ ఆదివారాలు ఒక సారు క్లాసు చెప్తాడట. పన్నెండు మంది వెళ్తారు. తెలియనివాళ్ళే పన్ను కడతారని చెప్తాడట ఆయన. మా మరిది రెండేళ్ళ నుంచీ వెళ్తున్నాడు. రెండేళ్ళుగా చిల్లిగవ్వ కట్టలేదట. రొమ్ము విరుచుకుని చెప్తాడు. 'వదినా, రెండేళ్ళయింది, నాకేమైనా అయిందా? ఒక్క నోటీసొచ్చిందా?' అని. మిగతావాళ్ళకి కూడా ఇతన్నే చూపిస్తాడట ఆ సారు.

…ఫీజా? ఆ, ఉంది. క్లాసుకింత అని.

…లేదులే, అది ఇష్టమైతే కాదు. ముందే కట్టాలి. కట్టకపోతే మెట్లు కూడా ఎక్కనివ్వరట…

…ఊఁ. నాకూ ఇప్పుడే తట్టింది, నువ్వడిగాక.

కానీ అక్కా, నువ్వు వాళ్ళ వంటగది చూళ్ళేదు. చూస్తే నవ్వవు. డ్రాయర్ని ఇలా వేలితో తోస్తే చాలు, చివర్లో అదే మెల్లగా మూసుకుంటుంది. చప్పుడు ఉండదు. మా తోడికోడలు నాకు చూపించాలని నాలుగుసార్లు తీసి మూసింది. ఆ నాలుగోసారి నాకు ఒళ్ళు మండిపోయింది. నా డ్రాయర్‌కి పిడే లేదు. గరిటె కాడ దూర్చి లాగుతాను, తెలుసుగా. లాగినప్పుడల్లా చెంచాలన్నీ గల్లుమంటాయి, పక్కింటివాళ్ళకి కూడా తెలుస్తుంది నేను వంట మొదలుపెట్టానని.

పైగా కారొకటి. మా మరిది డ్రైవింగ్ స్కూలుది కాదు, వేరే చిన్నది. తెల్లవారకముందే వేసుకుని ఎక్కడికో బయల్దేరుతుంది ఆ మహారాణి. ఎక్కడికని అడిగితే 'ఊరికే అక్కా, అలా ఒక రౌండు' అంటుంది. ఒక రౌండట! నేను ఆ టైముకి పాలపాకెట్టు కోసం మెట్లు దిగుతూ ఉంటాను.

…అసూయ కాదు.

…

అసూయే అనుకో. ఏం, ఉండకూడదా? ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం. ఒక తల్లి కొడుకులే ఇద్దరూ. ఈయన షాపు తెరిచి పద్దెనిమిదేళ్ళు. ప్రతి సంవత్సరం ఆ ఫారాలు టేబుల్ మీద పరుచుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా రాస్తారు. కట్టొచ్చాక 'ఒక పని అయిపోయింది' అని టీ అడుగుతారు. నేను ఆ టీ ఇస్తూ లోపల్లోపల అనుకుంటాను… ఇంకో వంటగది పోయిందని.

నీకేం తెలుస్తుందిలే. నీ ఇంట్లో అన్నీ నీ జీతంతో నువ్వే కొనుక్కున్నావు. చిన్నప్పట్నుంచీ నీకు అన్నీ నాకంటే ముందే…

…అబ్బ, నీ మీద పడలేదు. ఊరికే అన్నాను.

…ఆ, నాలుగు రోజుల సంగతి. వస్తున్నా దానికే.

కోప్పడనంటేనే చెప్తాను.

…ముందు అను.

…మా ఆయన చేత ఒక ఉత్తరం మీద సంతకం పెట్టించాను. ఆ సారు రాసిచ్చినదే. 'పన్ను స్వచ్ఛందమని తెలుసుకున్నాను, ఈ సంవత్సరం నుంచి కట్టదలచుకోలేదు' అని. కింద పేరు, షాపు అడ్రసు. రేపే ఫారాలు ఇవ్వడానికి ఆఖరి రోజు కదా, అందరి ఉత్తరాలూ ఒక కట్టగా తీసుకెళ్ళి సారే మీ ఆఫీసులో ఇస్తాడట. మనది తీసుకెళ్ళడానికే మా మరిది వస్తున్నాడు ఇవాళ. భోజనం ఒక వంక.

…

అక్కా? ఉన్నావా?

…ఆయన ఒప్పుకోలేదు మొదట. అందుకే మాట్లాడ్డం మానేశాను. కంచం పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. మూడో రోజు, 'ఏదీ, ఇటివ్వు' అని సంతకం పెట్టేశారు. చదవను కూడా లేదు. కళ్ళజోడులో అద్దం బిగించేముందు మూడుసార్లు చూసుకునే మనిషి, కాగితం చదవకుండా సంతకం పెట్టారక్కా. పెన్ను మూత పెట్టడానికి రెండుసార్లు తడుముకున్నారు. నేను చూళ్ళేదన్నట్టు బంగాళాదుంపల తొక్క తీస్తూ కూర్చున్నాను. అప్పట్నుంచీ, ఈ నాలుగు రోజులూ, మాట లేదు.

ఇప్పుడు చెప్పు. తప్పా? పుస్తకంలో ఆ మాట ఉందా లేదా? ఎవరు రాశారో రాశారు, మీ ఆఫీసువాళ్ళే—

…ఏంటి?

…ఎవరు?

నువ్వా!

…ఆ మాట పెట్టింది నువ్వా? నువ్వే పెట్టావా?

…అనువాదం సెక్షన్లో… నిజమే, నువ్వా పుస్తకం చేస్తున్నప్పుడే నాకు పెద్దవాడు పుట్టాడు. ఆసుపత్రికి ఆ కాగితాలు పట్టుకునే వచ్చావు… మరి ఏం రాయాలసలు అక్కడ?

…'ఎవరూ వచ్చి అడగనక్కర్లేకుండా, మీ అంతట మీరే లెక్క వేసుకుని చెప్పి, కట్టండి.' అదా? ఇంత పొడుగుందా?

…అచ్చులో ఒక్క వరసలో పట్టలేదని! వరసలో పట్టలేదని 'స్వచ్ఛందంగా' అని పెట్టావా! ఓరి నాయనో. అక్కడ పన్నెండు మంది ఆ ఒక్క మాటని పట్టుకుని వేలాడుతున్నారే. ఆ సారు బోర్డు మీద దాన్ని నాలుగు ముక్కలు చేసి అర్థం చెప్తాడట.

…అంటే లెక్క చెప్పడం మన అంతట మనం చెయ్యాలి, కట్టడం మాత్రం తప్పదు. అంతేనా.

…

అర్థమైంది. అర్థమైందిలే, రెండుసార్లు చెప్పక్కర్లేదు. కానీ అక్కా, మరి మా మరిదికి ఏమీ కాలేదే! రెండేళ్ళు! చట్టం అంత గట్టిదైతే వాళ్ళ వంటగదికి ఎందుకు తెలీలేదు?

…నువ్వు కనుక్కోలేవా? ఇంకా తెలిసినవాళ్ళు ఉంటారుగా అక్కడ. ఒక్క ఫోను చేసి, ఫలానా డ్రైవింగ్ స్కూలు…

…సరే సరే. అడగను. రిటైరయ్యాక కూడా ఎంత పట్టుదలో.

…మన ఉత్తరమా? అది ఇస్తే ఏమవుతుంది?

…

…తెలియక మానేస్తే ఒకటి. తెలిసి, రాసిచ్చి, సంతకం పెట్టి మానేస్తే… అది ఇంకోటి.

…వడ్డీతో పోదా?

…కోర్టు దాకానా! ఈయనా? సంతకం పెట్టినవాళ్ళదేనా బాధ్యత? మరి ఆ సారు…

సారు తన ఉత్తరం ఇచ్చాడా అంటే… అడగలేదక్కా. ఎవరూ అడిగినట్టు లేరు.

బెల్లు. వచ్చేశారు. అప్పుడే! ఒంటిగంటకని చెప్పి పన్నెండున్నరకే… పెట్టేయకు. పెట్టేయకే. చెవిలోనే ఉండు, తలుపు తీసొస్తా.

రండి రండి! …ఆ, కొత్తదే. …ఏం పెద్ద ధరలే, ఏదో కళ్ళకి నప్పిందని… రావయ్యా మరిదీ, చెప్పులు అక్కడ వద్దు, ఇటు. మీ అన్నయ్య లోపలున్నారు. …కవరా? ఉంది. భోజనం కానివ్వు, ఎక్కడికి పోతుంది.

ఏంటిది? …ఓ, నా అల్లికల పుస్తకం. ఆరు నెలలకి గుర్తొచ్చిందన్నమాట! మంచిదే, మా అక్క మొన్ననే అడిగింది. …లేదు, నువ్వు కూర్చో, వంటగదిలో నాకు సాయమేం అక్కర్లేదు. ఇక్కడ నీ డ్రాయర్లలాంటివి లేవు.

…అక్కా, ఉన్నావా? తలుపేశాను. అన్నాను, అవును. నోరు ఆగలేదు. చూడు, కట్టుకొచ్చిన చీర కూడా ఆకుపచ్చే. నా కర్టెన్ దాని చీర ముందు వెలిసిపోయినట్టుంది.

…నువ్వడిగిన స్వెటర్ మెడకి ఎన్ని కుట్లో చూసి చెప్తాను, అదొక్కటీ అయిపోతుంది. ఉండు… ముప్ఫై రెండో పేజీ… ఏదో కాగితం అడ్డుపెట్టింది. రెండున్నాయి, పిన్ను గుచ్చి…

…

అక్కా.

…ఆగు. చదవనీ.

రసీదులివి. పన్ను కట్టిన రసీదులు. పైన మా మరిది పేరే, డ్రైవింగ్ స్కూలు పేరు, గుండ్రంగా ముద్ర… ఇది ఈ వారానిదే. మంగళవారం. కిందది పోయిన సంవత్సరానిది.

…అదే నేనూ అంటున్నాను! కట్టలేదన్నాడే! రొమ్ము విరుచుకుని మరీ…

…సంతకం? 'చెల్లించినవారు' దగ్గర… మా మరిదిది కాదు. మెలికలు తిరిగిన సంతకం. ఇది… ఇది దానిదే. మా తోడికోడలిదే.

తలుపు కొడుతోంది. …రా. రా లోపలికి. తలుపెయ్యి.

…ఫోన్లో మా అక్కే, పరవాలేదు. ఇవి నీవేనా?

…ఏడవకు. ఏయ్, ఏడవకు, హాల్లోకి వినపడుతుంది. ఇదిగో, కొంగు కాదు, ఈ తువ్వాలుతో తుడుచుకో. ఈ పుస్తకంలో దాచి, తీయడం మరిచావా! అంటే మీ ఆయనకి తెలీదా?

…రెండేళ్ళుగా?

…మరి మొదటి సంవత్సరం ఉత్తరం ఇచ్చానన్నాడే మీ ఆయన?

…నీకే ఇచ్చాడా, పోస్టు చెయ్యమని!

…బీరువాలో. చీరల కింద.

అక్కా, వింటున్నావా? ఉత్తరం దీని బీరువాలో చీరల కింద ఉందట. అది పోస్టే చెయ్యలేదట. పన్నేమో ఇదే వెళ్ళి కట్టొస్తోందట. అందుకే ఏమీ కాలేదు! 'నాకేమైనా అయిందా వదినా' అని… ఆ పన్నెండు మందీ చూసి నమ్మింది దీని రసీదుల్ని!

…ఎలా కడుతున్నావు మరి? నీకెక్కడిది?

…తెల్లవారకముందా? ఆడవాళ్ళకి… కారు నేర్పిస్తావా?

…మీ ఆయన స్కూల్లో మగ మాస్టర్లే అని జంకేవాళ్ళు నీ దగ్గరికొస్తారా. ఎంతమంది?

…తొమ్మిది మంది. చీకట్లో, ఆ ఖాళీ రోడ్ల మీద, గేర్లు మార్చలేనివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని. నువ్వు.

…నేనేమన్నానో నీకు తెలియకపోవడమే మంచిదిలే. ఆ వంటగదో?

…వాయిదాల మీదా. ఇంకా మూడేళ్ళా! మరి ఆ డ్రాయర్ నాలుగుసార్లు ఎందుకే తీసి చూపించావు నాకు?

…ఏంటీ?

…నన్ను చూసి నీకు కుళ్ళా? నాలో ఏముందే కుళ్ళుకోడానికి? పిడిలేని డ్రాయరా, అరిగిపోయిన మెట్లా?

…

…మళ్ళీ చెప్పు.

…

అక్కా, ఇదేమంటోందో విన్నావా… వినపడలేదా. మా ఆయనతో నేను మాట్లాడకపోతే ఆయనకి అన్నం సయించదట. చూస్తేనే తెలుస్తోందట, కాలర్ వదులైందట. వాళ్ళాయనతో ఇది పోయిన నెలంతా మాట్లాడకుండా ఉందట… ఆయన గమనించనే లేదట.

…

ఇదిగో, ముందు నీళ్ళు తాగు.

కూర్చో. ఆ స్టూలు మీద. కూర కలుపుతూ ఉండు, అడుగంటుతుంది. …లేదు, మీ ఆయనకి నేను చెప్పను. ఒట్టు. …రేపా? ఆ, రేపు సారే తీసుకెళ్తాడు కదా కట్ట. అంటే ఈసారి మీ ఆయన ఉత్తరం నీ చేతికి రాదు. …కారులో ఉందా ఇప్పుడు? నేరుగా ఇక్కణ్ణుంచి సారు దగ్గరికా. …అందుకేనా నాలుగు రోజులుగా నిద్రలేదు.

అక్కా, ఏం చెయ్యమంటావు?

…

నీ మాట నిజమే. అది తన సంసారం. తనే చెప్పాలి, నేను కాదు. నా సంసారం నేను చెప్తాను.

ఏయ్, ముఖం కడుక్కో. పద, వడ్డిద్దాం. నువ్వు ఆ గిన్నె తీసుకో. అక్కా, పెట్టేయకు. నిన్ను టేబుల్ మీద పెడతాను, నీళ్ళ జగ్గు పక్కన. నీకు వినపడుతుంది. …భయమా? ఉంది మరి. పద్దెనిమిదేళ్ళలో ఈ మనిషి ముందు తప్పు ఒప్పుకున్నది ఎప్పుడో నాకే గుర్తులేదు.

…

కూర్చోండి అందరూ. ఏమండీ, మీరు ఇటు కూర్చోండి. కిటికీ వైపొద్దు, కర్టెన్ ఉంది.

…నవ్వండి, పరవాలేదు.

వేడిగా ఉంది, చూసి తీసుకో మరిదీ. …కవరు సంగతే చెప్పబోతున్నా. కవరు లేదు. అంటే, ఉంది, ఇవ్వను. మేం కడుతున్నాం. ఎప్పట్లాగే. రేపు ఈయన షాపు ఒక పూట మూసి వెళ్తారు, నేనూ వెళ్తాను.

…నువ్వు చెప్పింది నమ్మాను కదా, ఇప్పుడేమైందంటే… ఆ మాటకి అర్థం నువ్వనుకున్నది కాదు. …సారుకి తెలుసంటావా? ఆ మాట రాసినావిడకి ఇంకా బాగా తెలుసు. ఇదిగో, లైన్లో ఉంది, అడుగు. …మా అక్క. 'స్వచ్ఛందంగా' అన్నది పెట్టిందే ఆవిడ. వరసలో పట్టక పెట్టిందట. అడుగు, పరవాలేదు, జగ్గు పక్కనే ఉంది.

…అడగవా? సరే, నీ ఇష్టం.

ఏమండీ. మీ చేత నేనే పెట్టించాను సంతకం. మీకిష్టం లేదని తెలిసీ పెట్టించాను. ఎందుకంటే… వాళ్ళ వంటగది చూసి నాకు కడుపు మండింది. అంతకంటే కారణం లేదు. ఇంక ఎన్ని రోజులు మాట్లాడకుండా ఉంటారో ఉండండి, కానీ తినండి.

…

…ఊఁ? ఏమన్నారు?

…ఇంకొంచెం వెయ్యనా! వేస్తాను. వేస్తాను, కంచం ఇటు… అక్కా, విన్నావా, రెండోసారి పెట్టించుకుంటున్నారు.

…ఏంటయ్యా మరిదీ? …'వదిన మాట విని అన్నయ్య భయపడ్డాడు, మా ఇంట్లో అలాంటివి లేవు' అంటావా. 'రెండేళ్ళయింది, నాకేమైనా అయిందా' అంటావా.

…

నేనేం అనను. నాకేం తెలీదు. తిను.

…ఎవరు? ఏంటే? నువ్వేమైనా అన్నావా?

…

కూర్చునే చెప్పు, లేవక్కర్లేదు. …సరే, నిలబడే చెప్పు.

…

మీ ఆయన నములుతున్నాడు, వినపడలేదు. ఇంకోసారి చెప్పు. గట్టిగా.

…

అక్కా, పెట్టేస్తున్నానే. మొత్తం చెప్పేస్తోంది. రెండేళ్ళదీ, తొమ్మిది మందిదీ, చీరల కింద ఉత్తరందీ. కార్లో ఉన్న ఉత్తరం ఇప్పుడే తెచ్చి తన చేతికిమ్మంటోంది. మా మరిది చెంచా కింద పెట్టేశాడు. మా ఆయన కళ్ళజోడు తీసేసి చూస్తున్నారు దాని వంక…

…ఆ, బానే ఉంది. బ్రహ్మాండంగా ఉంది.

నాకంటే బాగా చెప్తోందక్కా, దొంగమొహంది. ఉంటా.